పరుగొక్కటే చాలదురా, అబ్బాయ్

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సైన్యంలో చేరడానికి పెట్టే అగ్నివీర్ ర్యాలీ కోసం తెల్లారగట్ల ఏటిగట్టు మీద పరిగెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాగే పుల్‌అప్స్ మాత్రం నాలుగు దాటట్లేదట, మోకాలు లాగుతోందని కూడా అంటున్నావట. ఇన్నేళ్ళు బడిలో పిల్లల్ని ఆడించినవాణ్ణి కదా, విన్నాక ఊరుకోలేక రాస్తున్నాను.

ఫిట్‌నెస్ అంటే ఒక్కటి కాదురా. దమ్ము, కండబలం, అదే పనిని కండరం అలిసిపోకుండా మళ్ళీ మళ్ళీ చెయ్యగలగడం, ఒళ్ళు వంగే గుణం, ఒంట్లో కొవ్వెంత కండెంత అన్నది, ఈ అయిదూ ఆరోగ్యానికి పునాది. వేగం, చురుకు, బ్యాలెన్స్, ఒడుపు లాంటివి ఆటగాడికి ఆ పైన కావలసినవి. ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది దానంతటదే రాదు. నీ ర్యాలీనే చూడు. పరుగులో దమ్ము, పుల్‌అప్స్‌లో కండబలం, తొమ్మిదడుగుల గొయ్యి దూకడంలో పవర్, జిగ్‌జాగ్ బల్ల మీద నడకలో బ్యాలెన్స్ చూస్తారు. నువ్వు వీటిలో ఒక్కదానికే తయారవుతున్నావు.

ముందు పరుగు సంగతి. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పూర్తిచేస్తే పూర్తి మార్కులు. అంటే 400 మీటర్ల చుట్టు ఒక్కోటి 82 సెకన్లలో రావాలి, అలాంటివి నాలుగు. రోజూ ఊపిరాడనంతగా పరిగెడితే ఆ టైము రాదు. వారంలో మూడు రోజులు పక్కవాడితో మాట్లాడుతూ వెళ్ళగలిగేంత నింపాదిగా అరగంట, ముప్పావుగంట పరిగెత్తు. గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపడం నేర్చుకునేది అక్కడే. ఒక్కరోజు మాత్రం 400 మీటర్లు గట్టిగా పరిగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్ళీ పరిగెత్తు. అలా అయిదారు సార్లు చాలు. పొద్దున్నే నిద్ర లేవగానే మంచం మీదే నాడి చూసుకుని కాయితం మీద రాసుకుంటూ ఉండు. వారాలు గడిచేకొద్దీ ఆ అంకె తగ్గుతుంటే దమ్ము పెరుగుతున్నట్టే. ఏ రోజైనా మామూలుకన్నా బాగా ఎక్కువుంటే ఒళ్ళు ఇంకా తేరుకోలేదని, ఆరోజు నడకతో సరిపెట్టు.

మోకాలికి సిమెంటు రోడ్డు వదిలి మట్టిగట్టు మీదకి మారు. దూరం ఒక్కసారిగా పెంచకు, వారానికి కొంచెం కొంచెంగా పెంచు. వాపొచ్చినా, మెట్లు దిగుతుంటే నొప్పి పోటెత్తినా పరుగు ఆపి డాక్టరు దగ్గరకి వెళ్ళు. పిక్కలకీ తొడలకీ బలం లేకపోతే ఆ భారమంతా మోకాలే మొయ్యాలి. అందుకే వారానికి రెండు రోజులు గుంజీలు, ఒంటికాలి మీద లేచి కూర్చోవడం చెయ్యమంటున్నాను.

ఇక పుల్‌అప్స్. పది తీస్తే పూర్తి మార్కులు. ఎన్ని తీశానని లెక్కపెట్టుకోవడం కొన్నాళ్ళు మానెయ్. స్టూలెక్కి గడ్డం కడ్డీ పైకి చేర్చు. అక్కణ్ణించి అయిదు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దిగు. అయిదుసార్లు దిగి, కాసేపు ఆగి, మళ్ళీ చెయ్. దిగేటప్పుడు కండరం ఎక్కువ బరువు ఓర్చుకోగలదు, బలం అలాగే వస్తుంది. రోజు విడిచి రోజు చాలు, కండ పెరిగేది విశ్రాంతిలోనే. రెండు కొబ్బరిచెట్ల మధ్య పైపు కట్టించుకుంటానన్నావట, కట్టించుకో. తాడుతో కాదు, క్లాంపులు వేయించు. వేలాడేముందు రోజూ ఊపి చూడు.

కడ్డీ మీద నీ ఒంట్లో ప్రతి కిలోనీ నువ్వే పైకి లాగాలి. మన డెల్టాలో కంచంలో అన్నం గుట్టలా పోసి, పక్కన కూర తాంబూలమంత పెడతారు. అన్నం మానమనను, పరిగెత్తేవాడికి అది కావాలి. పప్పు, గుడ్డు, చేప మాత్రం పూటపూటా ఉండేలా మీ అమ్మకి చెప్పు. బరువు కాటా చూసి మోసపోకు, టేపుతో నడుము కొలుచుకో. ఎవరో పొడులు, ఇంజక్షన్లు ఇస్తామంటే దగ్గరికి రానియ్యకు.

గొయ్యి దూకడానికి బలమొక్కటే చాలదు, ఆ బలం రెప్పపాటులో బయటికి రావాలి. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్‌లో కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్లతో 2023లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ దెబ్బ చెయ్యొక్కటే కొట్టింది కాదు. కాలినించి నడుముకి, నడుమునించి భుజానికి, అక్కణ్ణించి మణికట్టుకి బలం అందుకుంటూ వస్తుంది. నువ్వూ ఒళ్ళు అలవకముందే, ఇసకలో, తక్కువసార్లు దూకు. దిగేటప్పుడు మోకాళ్ళు వంచి దిగు. పంట బోదెల మీద సరదాకి దూకకు, గట్టు జారుతుంది.

బ్యాలెన్స్‌కి ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకో, రోజూ పళ్ళు తోముకునేటప్పుడే అయిపోతుంది. చురుకుకీ, చూసిన వెంటనే కదలడానికీ సాయంత్రం కబడ్డీ ఆడు. ముప్ఫై సెకన్ల కూతలో ఏడుగురి కాళ్ళూ చేతులూ చూసుకుంటూ దిశ మార్చడం ఇంకెక్కడా అంత బాగా రాదు. పరుగుకి ముందు కాళ్ళూ చేతులూ ఊపి ఒళ్ళు వేడెక్కించు, సాగదీసి పట్టుకుని ఉండడం మాత్రం పరుగయ్యాకే.

ఎండ విషయంలో మొండితనం వద్దు. మన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఎండాకాలం పొద్దెక్కేలోపే ముగించు. ఉప్పేసిన మజ్జిగ తాగు. కొబ్బరినీళ్ళు మంచివే గానీ, చెమటలో పోయిన ఉప్పుకి అవి చాలవు. తల తిరిగినా, గుండెలో పట్టినట్టనిపించినా అక్కడే ఆగి నీడకి చేరు, ఎవరినైనా కేకేసి పిలువు.

మీ నాన్నని కూడా తీసుకెళ్ళరా. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవాలని, రెండు రోజులు కండబలానికి పనిచెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పింది. బావకి షుగరుంది, నడిచే కండ రక్తంలోని చక్కెరని వాడుకుంటుంది. డాక్టరుని ఓసారి అడిగి, నువ్వు పరిగెత్తినంత సేపూ ఆయన్ని నడవమను.

ర్యాలీ నోటిఫికేషన్ వచ్చాక టైములు, మార్కులు అందులో మళ్ళీ సరిచూసుకో, ఒక్కోసారి మారుస్తుంటారు. వచ్చే ఆదివారం వస్తాను, కొలత టేపు తెస్తాను. గట్టు మీద 400 మీటర్లు కొలిచి సున్నంతో గీతలు గీద్దాం. స్టాప్‌వాచీ నేనే పట్టుకుంటాను.

మీ మావయ్య