క్యాన్సర్ ‘వ్యాపిస్తుందా’, ‘పాకుతుందా’?

సందేహం: ఒక వైద్య వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘ఉదర క్యాన్సర్ పెరుగుదలలోనూ వ్యాప్తిలోనూ సూక్ష్మ ఆర్ఎన్ఏలు కీలక పాత్ర పోషిస్తాయి’ అని రాశాను. చదివినవాళ్లు అర్థం కాలేదంటున్నారు. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: వ్యాకరణం సరిగానే ఉంది. చిక్కంతా మాటల ఎంపికలోనే.

‘ఉదరం’లో కాలేయం, పేగులూ ఉంటాయి. ‘కడుపు’ అందామంటే గర్భానికీ అదే మాట. బడి పుస్తకాల్లోని ‘జీర్ణాశయం’ నిక్కచ్చిగా సరిపోతుంది.

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ వరుసలో నిలబడ్డ మనిషికి ‘వ్యాప్తి’ అంటే డెంగీ, కలరా గుర్తొస్తాయి. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ‘కాలేయానికి పాకింది’ అంటారు రోగి ఇంటివాళ్లు, అదే రాయండి. ‘వ్యాప్తి’ని హెలికోబ్యాక్టర్ పైలోరికి అట్టేపెట్టుకోండి. జీర్ణాశయ క్యాన్సర్‌కు దారితీయగల ఆ బ్యాక్టీరియా మాత్రం నిజంగానే మనిషి నుంచి మనిషికి సోకుతుంది.

‘సూక్ష్మ ఆర్ఎన్ఏ’ అంటే సూక్ష్మజీవుల ఆర్ఎన్ఏ అనుకుంటారు. ఇవి మన కణాల్లోవే, సుమారు 22 న్యూక్లియోటైడ్ల (ఆర్ఎన్ఏ గొలుసులోని పూసల) పొడవు. 2024 నోబెల్ వార్తలతో ‘మైక్రో ఆర్ఎన్ఏ’ పేపర్లకెక్కింది, దాన్నే ఉంచండి.

అసలు ముల్లు ‘కీలక పాత్ర పోషిస్తాయి’. ఏం చేస్తాయో చెప్పని క్రియ అది. మైక్రో ఆర్ఎన్ఏ తానుగా ప్రోటీన్ చెయ్యదు. ప్రోటీన్ తయారీకి సూచనలు మోసుకెళ్లే మెసెంజర్ ఆర్ఎన్ఏకు అతుక్కుని ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. ఈ క్యాన్సర్‌లో మిర్-21 అనే మైక్రో ఆర్ఎన్ఏ మితిమీరుతుంది. కణం పెరుగుదలకు కళ్లెం వేసే ప్రోటీన్ పీటెన్‌ను అది తగ్గించేస్తుంది, గడ్డ పెరుగుతుంది. మిర్-200 కుటుంబానిది ఎదురు దారి: అవి జెబ్1 అనే ప్రోటీన్‌ను అదుపులో పెడతాయి. అవి తగ్గితే జెబ్1 పెరిగి, కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే ప్రోటీన్ ఈ-క్యాడ్‌హెరిన్‌ను తగ్గిస్తుంది. పట్టు సడలిన కణాలు కదిలి వేరేచోటికి పాకుతాయి. ఒకటి ఎక్కువై చేటు, ఇంకొకటి తక్కువై చేటు. రెంటికీ కలిపి ‘కీలక పాత్ర’ అంటే దొంగకూ పోలీసుకూ ఒకే సన్మానపత్రం చదివినట్టుంటుంది.

ఇలా మార్చి చూడండి: ‘జీర్ణాశయ క్యాన్సర్‌లో కొన్ని మైక్రో ఆర్ఎన్ఏలు మోతాదు మించడం వల్ల గడ్డ పెరుగుతుంది, మరికొన్ని తగ్గిపోవడం వల్ల ఇతర అవయవాలకు పాకుతుంది.’

పేర్లు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంగ్లిష్‌లో ‘మిర్’ చివరి అక్షరం పెద్దదైతే పరిపక్వ రూపం, చిన్నదైతే దాని ముందు రూపం. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు కాబట్టి, తేడా అవసరమైన చోట ‘పరిపక్వ మిర్-21’ అని విప్పి రాయాల్సిందే.