ఎఫ్‌విసి 72 నుంచి 66కి తగ్గితే జబ్బు ముదిరినట్టేనా?
మీ నాన్నగారికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ (పీల్చిన దుమ్ము, పక్షుల రెట్టల లాంటివి పడక ఊపిరితిత్తులు వాచే జబ్బు), ఏడాదిలో ఎఫ్‌విసి (గట్టిగా ఊదినప్పుడు ఊపిరితిత్తుల నుంచి వచ్చే మొత్తం గాలి, ఉండాల్సిన దానిలో శాతంగా) 72 శాతం నుంచి 66కి దిగింది, ఆరే కదా వదిలేయొచ్చా అని అడిగారు. వదిలేయకండి. 2022 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఐపిఎఫ్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చపడే జబ్బు) కాని ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు మచ్చపడి గట్టిపడటం) ముదురుతోందనడానికి, ఏడాది లోపు, వేరే కారణం లేకుండా, మూడింటిలో రెండు కనిపిస్తే చాలు: ఆయాసం, దగ్గు లాంటివి పెరగడం, ఎఫ్‌విసి కనీసం 5 లేదా డిఎల్‌సిఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం) కనీసం 10 పాయింట్లు పడటం, సీటీలో ఫైబ్రోసిస్ పెరగడం. ఇక్కడ పడింది 6. మెట్లెక్కితే మునుపటికంటే ఆయాసం వస్తోందని మీరే రాశారు, అంటే కావలసిన రెండూ ఉన్నట్టే.

అయితే గట్టిగా ఊదలేకపోయినా ఎఫ్‌విసి తక్కువే చూపిస్తుంది, ఇన్ఫెక్షన్ వల్లా గుండె జబ్బు వల్లా ఆయాసం పెరగొచ్చు, కాబట్టి ఆ పరీక్ష మళ్లీ చేయించి గుండె కూడా చూపించండి. పాత సీటీ రిపోర్టు ఒక్కటే సరిపోదు, సీడీ కూడా పట్టుకెళ్లి రెండు స్కాన్‌లూ పక్కపక్కన పెట్టి చూడమనండి. నింటెడానిబ్ (ఫైబ్రోసిస్ ముదరడాన్ని నెమ్మదింపజేసే మందు) అవసరమా అని అప్పుడే అడగండి. బాల్కనీలో పావురాలు చేరుతుంటే ఈ జబ్బుకు అవే కారణం కావచ్చు, ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.