1978 నాటి ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ బొమ్మల సినిమా ఇప్పుడు చూడొచ్చా?

పీటర్ జాక్సన్ సినిమాలు మూడూ చూశాను, ఇప్పుడు టోల్కీన్ నవల చదువుతున్నాను, 1978లో రాల్ఫ్ బక్షి తీసిన బొమ్మల సినిమా కూడా ఒకటుందట, కొందరు అద్భుతం అంటున్నారు, కొందరు అరగంట కూడా చూడలేకపోయాం అంటున్నారు, చూడొచ్చా అని మీరు అడిగారు.

తప్పకుండా చూడండి. నేను నాలుగుసార్లు చూశాను. మొదటిసారి మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో, ఆ తర్వాత ఎందుకంత ఇష్టమైందో చెబితే మీకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

2008లో అమీర్‌పేటలో యానిమేషన్ కోర్సు చేస్తూ ఎస్.ఆర్.నగర్‌లో ఒక హాస్టల్లో ఉండేవాణ్ణి. గదిలో నలుగురం, నలుగురికీ కలిపి ఒకటే కంప్యూటర్. పక్క గది అబ్బాయి హార్డ్ డిస్క్‌లోంచి ఈ సినిమా కాపీ చేసుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి పన్నెండు దాటేదాకా చూశాం. హెల్మ్స్ డీప్ కోట దగ్గర యుద్ధం అయింది. మాంత్రికుడు గాండాల్ఫ్ కత్తిని పైకి విసిరాడు. కథకుడి గొంతు నాలుగు మాటలు చెప్పింది. అంతే, పేర్లు పడటం మొదలైంది. నాశనం చెయ్యాల్సిన ఉంగరం ఇంకా కథానాయకుడు ఫ్రోడో దగ్గరే ఉంది! రెండో ఫైల్ కాపీ చేసుకోవడం మర్చిపోయామనుకున్నాం. పొద్దున్నే ఆ అబ్బాయిని లేపి డిస్క్ అంతా వెతికించాం. రెండో ఫైల్ లేదు. అసలు రెండో సినిమాయే లేదని తర్వాత తెలిసింది.

మీరు ముందే తెలుసుకోవాల్సింది ఇదే. బక్షి దీన్ని మొదటి భాగంగానే తీశాడు. సగం కథ అంటే జనం టికెట్ కొనరేమోనని, పంపిణీ చేసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ సినిమా పేరులోంచి ‘మొదటి భాగం’ అన్నమాట తీసేసింది. బక్షి వద్దన్నా వినలేదు. 1978 నవంబరులో అమెరికాలో థియేటర్‌కి వెళ్ళినవాళ్ళకీ మా హాస్టల్ గదిలో జరిగిందే జరిగింది. పెట్టిన డబ్బుకి చాలా రెట్లు వసూలైనా, రెండో భాగం మాత్రం రాలేదు. 1980లో టీవీ కోసం ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ అని ఒక బొమ్మల సినిమా వచ్చింది కానీ అది ర్యాంకిన్, బాస్ అనే వేరే నిర్మాతలది. బొమ్మల తీరు వేరు, నడక వేరు. దీనికి కొనసాగింపు అనుకుని దాన్ని పెట్టుకోకండి.

ఇక ఈ సినిమా నాకు ఎలా దగ్గరైందో చెప్తాను.

కోర్సు అయ్యాక నాకు దొరికిన ఉద్యోగం రోటో ఆర్టిస్టు. హైదరాబాద్‌లో ఈ లైనులోకి వచ్చిన చాలామందికి మొదట దొరికేది అదే. విదేశీ సినిమాల షాట్లు మన దగ్గరికి వస్తాయి. నటుడి చుట్టూ ప్రతి ఫ్రేములోనూ గీత గీసి, వెనకున్న దృశ్యం నుంచి అతన్ని వేరు చేసి ఇస్తే, ఆ వెనక కోట పెట్టాలో సముద్రం పెట్టాలో మిగతావాళ్ళు చూసుకుంటారు. సెకనుకి 24 ఫ్రేములు. ఒకసారి గాలికి జుట్టు ఎగురుతున్న అమ్మాయి షాట్ నాకు వచ్చింది, నిండా ఆరు సెకన్లు కూడా లేదు. ఒక్కో పాయకి విడిగా ఒక గీత, ఒక్కో గీతకి పది పన్నెండు పాయింట్లు, వాటిని ప్రతి ఫ్రేములోనూ చూసుకుంటూ జరపాలి. నాలుగు రోజులు కూర్చుని చేసి పంపితే తప్పులు వెతికే క్యూసీ విభాగం నుంచి వెనక్కి వచ్చింది, ‘చెవి దగ్గర ఎడ్జ్ జిట్టర్ అవుతోంది’ అని. పక్కపక్క ఫ్రేముల్లో గీత వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా చాలు, ప్లే చేసినప్పుడు అంచు వణుకుతుంది. ఆ వణుకు లేకుండా చెయ్యడానికే మాకు జీతాలు.

ఒక నైట్ షిఫ్టులో కొత్త షాట్లు రావడం లేటయి ఖాళీగా కూర్చున్నాం. మా సీనియర్ ఒకాయన, అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం, ఈ సినిమా పెట్టాడు. ‘‘ఇది చూశాను అన్నా, సగంలో ఆగిపోతుంది’’ అన్నాను. ‘‘కథ సంగతి వదిలెయ్ రా, గీత చూడు. ఇదంతా రోటోనే. మన రోటో ఎవరికీ కనపడకూడదు, వీళ్ళది మాత్రం తెరంతా అదే’’ అన్నాడు.

అప్పటికి రెండేళ్ళుగా రోటో చేస్తున్నాను. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఆ రాత్రే తెలుసుకున్నాను. మాక్స్ ఫ్లైషర్ అనే అమెరికన్ యానిమేటర్ 1915లో రోటోస్కోప్ అనే పరికరానికి పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. నిజం మనిషిని కెమెరాతో తీసి, ఆ ఫిల్ముని ఒక్కో ఫ్రేమే అద్దం మీద పడేలా చేసి, దాని మీద కాగితం పెట్టి గీసుకోవడం. ముగ్గు మీద ముగ్గు దిద్దినట్టన్నమాట. బక్షి దీన్ని ఒకటి రెండు సీన్లకి వాడుకుని ఊరుకోలేదు, సినిమా మొత్తం దీని మీదే కట్టాడు. ముందు నటుల చేత వేషాలు వేయించి సినిమా అంతా కెమెరాతో తీశాడు, ఆ ఫ్రేముల మీద ఆర్టిస్టులు బొమ్మలు గీశారు. 132 నిమిషాల సినిమా. లెక్క కడితే లక్షా తొంభై వేల ఫ్రేములు. ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములకి సరిపోయిందనుకున్నా తొంభై అయిదు వేల బొమ్మలు. చేత్తో! నాలుగు రోజుల్లో ఆరు సెకన్లు చేసినవాణ్ణి కాబట్టి ఆ అంకె చూసి చాలాసేపు మాట రాలేదు నాకు.

యుద్ధాల్లాంటి పెద్ద సీన్లు స్పెయిన్‌లో తీశారు. అక్కడ జరిగిన ఒక సంగతి బక్షి చెప్పుకున్నాడు. ఫిల్ము కడిగిన స్పానిష్ ల్యాబ్ వాళ్ళకి ఆ ఫుటేజీలో టెలిఫోన్ తీగలు, కార్లు, హెలికాప్టర్లు కనిపించాయట. ఇంత అధ్వానంగా తీసిన సినిమా బయటికెళ్తే ఇక హాలీవుడ్ వాళ్ళెవరూ స్పెయిన్‌కి రారని భయపడి, ఆ ఫిల్ముని కాల్చెయ్యబోయారట. దాని మీద బొమ్మలు గీస్తారని, గీసేవాడు తీగని గియ్యకపోతే ఆ తీగ అసలు లేనట్టేనని వాళ్ళకి తెలీదు కదా! మా పక్క డిపార్ట్‌మెంట్‌లో పొద్దస్తమానం చేసే పని తీగలు చెరపడమే. వాళ్ళకి ఈ సంగతి చెప్పినప్పుడు ఎంత సంబరపడ్డారో.

ఇంకో విషయం కూడా నాకు చాలా నచ్చింది. తెర మీద ఫ్రోడోగా నడిచేది, కింద పడేది, వణికేది షారన్ బెయిర్డ్ అనే నటి శరీరం. గొంతు క్రిస్టఫర్ గార్డ్‌ది. గీత ఇంకెవరో ఆర్టిస్టుది. ఒక్క ఫ్రోడోలో ఇంతమంది ఉన్నారు. బిల్బోకి, శామ్‌కి బిల్లీ బార్టీ నటించాడు. ఇది తెలిశాక చూస్తే ఆ హాబిట్ల (ఫ్రోడో, బిల్బో, శామ్ లాంటి పొట్టి మనుషుల) నడకలోని బరువు, కూర్చునేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించుకునే తీరు వేరేగా కనపడతాయి. అలాంటివి ఊహించి గియ్యడం చాలా కష్టం, ఎవరో ఒకరు చేసి చూపించాలి.

ఇప్పుడు మీరు ప్రత్యేకంగా చూడాల్సిన సీన్ చెప్తాను. హాబిట్లు తాముండే షైర్ ప్రాంతం దాటుతుంటే వెనకనుంచి గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు పక్కన పెద్ద చెట్టు వేళ్ళ కింద దూరి దాక్కుంటారు. నల్ల ముసుగు రౌతు వచ్చి పైన ఆగుతాడు, గుర్రం దిగుతాడు. దిగాక నడుస్తాడు చూడండి, ఒక కాలు ఈడ్చుకుంటూ, కుంటుతూ, ముక్కుతో గాలి పీలుస్తూ, వాసన పట్టే కుక్కలాగా. అక్కడ వాణ్ణి ఫ్రేము ఫ్రేమే నొక్కుతూ చూశాను. ముసుగు అంచు ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా లేదు. గుడ్డ మడతల్లో నల్లరంగు పాకుతున్నట్టుంటుంది. మా క్యూసీ అయితే పది నిమిషాల్లో వెనక్కి పంపేసేది. కానీ ఆ రౌతు పూర్తిగా మనిషీ కాడు, దయ్యమూ కాడు, రెంటికీ మధ్య ఇరుక్కుపోయినవాడు. నవలలో టోల్కీన్ వాళ్ళ గురించి చెప్పింది అదే. ఆ వణుకే వాడి ఒళ్ళు. ఎంత నున్నటి గీత గీసినా అంత భయం రాదు.

జాక్సన్ సినిమాలోనూ చెట్టు వేళ్ళ కింద దాక్కునే సీన్ ఉంది, మీకు గుర్తుండే ఉంటుంది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూడండి. జాక్సన్ ఈ సినిమా చూశాకే నవల కొనుక్కుని చదివానని చెప్పాడు. బిల్బో పుట్టినరోజు విందులో ఒక ముసలి హాబిట్ కాళ్ళు ముందుకి చాపి అరిచే షాట్ కావాలనే దీన్ని తలుచుకుంటూ పెట్టానని కూడా ఒప్పుకున్నాడు.

మొదట్లో ఉంగరాల పుట్టుక చెప్పే భాగం కూడా కళ్ళార్పకుండా చూడండి. ఎర్రటి తెర మీద నల్లటి నీడలు. అందులో గీత లేదు, నటుల నీడలే. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో శివరాత్రికి తోలుబొమ్మలాట చూసిన నాకు ఆ పరద వెనక దీపం గుర్తొచ్చింది. మన బొమ్మలకి రంగులుంటాయి, ఇవి ఉత్త నలుపు. అయినా నీడ పెద్దదై మీదికి వస్తుంటే కడుపులో కలిగే ఆ భయం మాత్రం ఒకటే.

నచ్చనివి కూడా చెప్పాలి. వెనక సగానికి వచ్చేసరికి పని తగ్గిపోయిందని రోటో చేసినవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. ఓర్కులనే శత్రు సైనికుల గుంపుల్లో చాలాచోట్ల బొమ్మే గియ్యలేదు. కెమెరాతో తీసిన ఫిల్మునే నలుపు తెలుపులు బాగా పెంచి, పైన రంగు పూసి వదిలేశారు. పక్కనే పూర్తిగా గీసిన లెగొలాస్ నిలబడి ఉంటాడు, వెనక ఉన్నది మాస్కు పెట్టుకున్న మనిషని స్పష్టంగా తెలుస్తుంది. ఒక్కో చోట అది పీడకలలా బాగానే పనిచేస్తుంది. హెల్మ్స్ డీప్‌లో మాత్రం అంతసేపు అదే చూడాల్సి వచ్చేసరికి కళ్ళు అలసిపోతాయి. ముఖాల విషయంలోనూ రోటో దెబ్బతింది. నల్ల రౌతుకి కలిసొచ్చిన ఆ వణుకే ఫ్రోడో బుగ్గల మీదికి వచ్చేసరికి చిరాకు పెడుతుంది. శామ్‌ని మరీ వెర్రిబాగులవాడిలా గీశారు. నవల చదువుతున్న మీకు అది బాధ కలిగిస్తుంది, నాకూ కలిగింది. బాల్రాగ్‌ అనే రాక్షసుడు సింహం ముఖం, రెక్కలతో ఉంటాడు, నవలలోని నిప్పూ నీడా అక్కడ కనపడవు. దుష్ట మాంత్రికుడు సారుమాన్‌ని కొన్ని చోట్ల ‘అరుమాన్’ అంటారు. ఉంగరం చేసిన సౌరాన్‌తో కలగాపులగం అవుతుందని మార్చి, అన్నిచోట్లా మార్చలేదు. మీరు తప్పు విన్నామేమో అనుకోకండి.

గొంతులు మాత్రం ఎంతో బాగుంటాయి. అరగార్న్‌కి జాన్ హర్ట్ చెప్పాడు. తెర మీద ఉన్నది బొమ్మే అయినా, ఆ గొంతు విన్నాక వీడు ఏళ్ళ తరబడి అడవుల్లో ఒంటరిగా తిరిగాడని నమ్ముతాం. గొల్లమ్‌కి చెప్పిన పీటర్ వుడ్‌థోర్ప్‌ని 1981లో బీబీసీ రేడియో నాటకానికి కూడా అదే వేషానికి తీసుకున్నారు. విన్నాక ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే దీంతో మొదలుపెట్టకండి. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. దానికి 1977లో వచ్చిన ‘ది హాబిట్’ చూపించాను. అది 77 నిమిషాలే, టీవీ కోసం తీసింది. ర్యాంకిన్, బాస్‌లదే, బొమ్మలు జపాన్‌లో టాప్‌క్రాఫ్ట్ అనే స్టూడియోలో గీశారు. అక్కడ పనిచేసినవాళ్ళలో కొందరు తర్వాత జిబ్లీ స్టూడియోకి వెళ్ళారు. ఆ నీటిరంగుల అడవులు చూస్తే పిల్లలు ఇట్టే అతుక్కుపోతారు. నల్ల రౌతు సీన్ మాత్రం ఇంకో రెండేళ్ళాగి చూపిద్దామనుకుంటున్నాను.

మీరు నవల మధ్యలో ఉన్నానన్నారు కాబట్టి నా సలహా: హెల్మ్స్ డీప్ అధ్యాయం పూర్తయ్యేదాకా ఆగండి. అది అయిన రోజు రాత్రి, లైట్లన్నీ తీసేసి, ఫోన్‌లో కాకుండా దొరికినంత పెద్ద తెర మీద చూడండి. గాండాల్ఫ్ కత్తి విసిరాక పేర్లు పడతాయి. అప్పుడు నవల రెండో భాగం ‘ది టూ టవర్స్’ తీసి ‘ది రోడ్ టు ఐసెన్‌గార్డ్’ అధ్యాయం మొదలుపెట్టండి. రాత్రికి రాత్రి వచ్చి నిలబడ్డ అడవి గుండా వాళ్ళు గుర్రాల మీద వెళ్తుంటారు అందులో. మా హాస్టల్ గదిలో మేం వెతుక్కున్న రెండో ఫైల్ అక్కడే మొదలవుతుంది.