ఆయన లాయరే ఇద్దరికీ చాలంటున్నారు, సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. హిందూ సంప్రదాయంలో పెళ్లయి తొమ్మిదేళ్లయింది. ఏడేళ్ల బాబుతో ఏడాదిన్నరగా పుట్టింట్లోనే ఉంటున్నాను. హైదరాబాద్‌లో ఉంటున్న మావారు పరస్పర అంగీకారంతో విడిపోదామని, తన లాయరే ఇద్దరి తరఫునా చూస్తారని, బాబు సంగతి తర్వాత మాట్లాడుకుందామని చెప్పి సంతకాలకు కాగితాలు పంపారు. నేను వేరే లాయరును పెట్టుకోవాలా? పెద్ద ఫీజులు ఇచ్చుకోలేను.
– ఒక సోదరి

జవాబు: ఆ కాగితాల మీద ఇప్పుడే సంతకం చేయకండి. హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 13-బి కింద దంపతులు కలిసి వేసే పిటిషన్‌ను ఒకే న్యాయవాది దాఖలు చేయడం కోర్టుల్లో తరచూ కనిపించేదే అయినా, ఈ వివాదంలో ఇప్పటికే మీ భర్తకు సలహా ఇచ్చిన వ్యక్తి మీ వకాలత్ కూడా పుచ్చుకోవడం (అంటే మీ తరఫునా వాదించడం) న్యాయవాదుల నియంత్రణ సంస్థ అయిన బార్ కౌన్సిల్ నియమాలకు సరిపడదు. పైగా మీ తరఫున రాజీపడే అధికారం, కేసు ఉపసంహరించుకునే అధికారం లాయరును నియమిస్తూ మీరు సంతకం చేసే వకాలత్‌నామాలో సాధారణంగా ముందే అచ్చువేసి ఉంటాయి.

బాబు సంగతి తర్వాత అనడంలోనే అసలు చిక్కు ఉంది. బాబు ఎవరి దగ్గర పెరగాలి, తండ్రి ఏయే రోజుల్లో వచ్చి చూడాలి, దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో ఎవరింట ఉండాలి, బడి ఫీజు ఏ నెలలోగా ఎవరు కట్టాలి అన్నవన్నీ ఒప్పంద పత్రంలో రాయించి పిటిషన్‌కు జతచేయించాలి. డిక్రీ (విడాకుల తీర్పు) తర్వాత కూడా అదే చట్టంలోని సెక్షన్ 26 కింద కోర్టును అడగవచ్చు గాని, విడాకులు చేతికందాక ఆయన ఇంత సులువుగా మాటకు వస్తారని నేననుకోను. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న నియమం మీ బాబు వయసుకు వర్తించదు. వాడి క్షేమమే కోర్టుకు ప్రధానం, వాడి ఇష్టాన్నీ జడ్జి కనుక్కోవచ్చు.

రాజీ కుదరకపోతే విడాకులకైనా, బాబు కస్టడీకైనా మీరు గుంటూరులోనే పిటిషన్ వేయవచ్చు కనుక అక్కడి ఫ్యామిలీ కోర్టులో తరచూ వాదించేవారిని చూసుకోండి. వాయిదాలకు తానే వస్తారా, జూనియర్‌ను పంపుతారా, ఫీజు మొత్తంగానా, వాయిదాకింతా అని మొదటి రోజే అడిగి, ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. వచ్చే భరణంలో ఇంత శాతమని ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి. అటువంటి ఫీజు నిషిద్ధం.

ఫీజు భారమనుకుంటే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

పరస్పర అంగీకార పిటిషన్ వేశాక విడాకులు ఖరారయ్యే ముందు ఆరు నెలలు ఆగాల్సి ఉంటుంది. తగిన కేసుల్లో దాన్ని తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. షరతులు మీకు సమ్మతం కాకపోతే డిక్రీ వచ్చేలోగా మీ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు.