ఫోన్‌లో 'పర్వాలేదండీ' అనకు

చిట్టితల్లీ,

ఒకసారి విశాఖ వెళ్లి చూపించుకుంటే, ఆ తర్వాతిసారి వీడియోలోనే మాట్లాడదామన్నారట మీ డాక్టరమ్మ గారు. మీ నాన్న చెప్పాడు. చెయ్యి పట్టుకు చూడకుండా ఆవిడకేం తెలుస్తుందని నువ్వు బెంగపడుతున్నావట. పదహారేళ్లుగా నీకొచ్చిన ఈ కీళ్లవాతంతోనే (రుమటాయిడ్ ఆర్థరైటిస్) కాపురం చేస్తున్నదాన్ని, నాకూ మొదట్లో అదే అనుమానం. అనుమానం తప్పేమీ కాదు. వీడియోలో ఆవిడ కీళ్లు నొక్కి చూడలేరు కాబట్టి ఆ పని నువ్వు నేర్చుకోవాలి.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని విను. మొదటిసారి వీడియో అనగానే తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, గంట ముందు నొప్పి బిళ్ల కూడా వేసుకుని కూర్చున్నాను. "ఎలా ఉందమ్మా?" అని మా డాక్టరు గారు అంటే "పర్వాలేదండీ" అన్నాను. మూడు నెలల తర్వాత కూడా అదే మాట. ఆయన పాత మందే రాశారు. నేను చెప్పిందాన్ని బట్టే కదా ఆయన రాసేది! ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్తే, కుడి మణికట్టు మీద వేలు పెట్టగానే కెవ్వుమన్నాను. ఎక్స్‌రేలో ఎముక అంచు ఎలుక కొరికినట్టుంది. అది మళ్లీ పూడదు. ఇప్పటికీ ఆ చేత్తో గిన్నె వంచలేను.

అందుకే చెప్తున్నా, వీడియో రోజు ఉదయం నొక్కి చూసుకో. డాక్టర్లు లెక్కపెట్టే కీళ్లు 28. భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు కలిపి ఎనిమిది. అరచేతి దగ్గర వేళ్లు మొదలయ్యే కణుపులు పది, వాటి పై వరుసవి పది. బొటనవేలితో, గోరు పాలిపోయేంత గట్టిగా నొక్కు. అంతకన్నా వద్దు. నొప్పి వేరు, వాపు వేరు, రెండూ విడివిడిగా రాసుకో. వాపైతే కణుపు మీద మెత్తగా, గాలి తగ్గిన బంతిలా తగులుతుంది. గట్టిగా రాయిలా ఉంటే అది ఎముకే కావచ్చు, ఆ మాట కూడా చెప్పు. ఎడమచేత్తో కుడిచెయ్యి నొక్కడం కష్టం, అల్లుడిని కూర్చోబెట్టుకో. ఇంకోటి, ఆ 28లో పాదాలు లేవు! నాకు ముందు వాచిందే కాలివేళ్ల మొదళ్లు. అడగకపోయినా పాదాలు చూపించు.

వీడియో టైము మధ్యాహ్నం ఇచ్చారనుకో, అప్పటికి నీ వేళ్లు చక్కగా కదులుతాయి. వాళ్లకి కావాల్సింది పొద్దుటి సంగతి. లేచిన దగ్గర్నుంచి పిడికిలి పూర్తిగా ముడుచుకునేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో వారం రోజులు గోడ కేలండర్ మీదే రాయి. పొద్దున్నే పిడికిలి ముడుస్తూ పది సెకన్ల వీడియో తీసి పెట్టుకో, కిటికీ వెలుతురులో, గాజులు తీసేసి. నొప్పి బిళ్ల ఎన్ని రోజులు వేసుకున్నావో దాచకు. సీసా మూత తీయగలిగావా, జడ వేసుకోగలిగావా, అదీ చెప్పు. "కొంచెం నొప్పండీ" కన్నా అదే వాళ్లకి పనికొస్తుంది.

రక్తపరీక్షలు నాలుగు రోజుల ముందే, ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించుకో. సీబీపీ, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్ అన్నవి రక్తకణాలు, కాలేయం, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి, మందు నీకు పడుతోందా లేదా తెలుసుకోడానికి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ జబ్బు జోరు చూడ్డానికి. నొప్పి లేదు కదా అని మొదటి మూడూ మానేస్తారు కొందరు. కాలేయం చెడితే మొదట్లో నొప్పే ఉండదే పిల్లా!

ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే. మా వీధి మందుల షాపు కుర్రాడు ఒకసారి కవరు మీద "రోజూ రాత్రి" అని రాసిచ్చాడు. చదువుకున్నదాన్ని కాబట్టి బతికిపోయాను. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. నాది లక్ష్మివారం, కేలండర్‌లో ఎర్ర సున్నా చుట్టి ఉంటుంది. దాని ఇబ్బందులు తగ్గడానికిచ్చే ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. వీడియో అయ్యాక చీటీ ఫోన్‌కి పంపుతారు, మోతాదు పైకి చదివి వినిపించాకే షాపుకెళ్లు.

పిల్లల ఆలోచన ఉంటే సిగ్గుపడకుండా ముందే చెప్పాలి. ఆ మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకి హాని. ఆపడం, మార్చడం నెలల ముందునుంచే జరగాలి.

కొన్నిటికి మాత్రం ఫోన్ పనికిరాదు. ఒక్క కీలే ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా ఉబ్బి జ్వరమొస్తే, ఆయాసమొస్తే, కన్ను ఎర్రబడి నొప్పెడితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఆస్పత్రికి వెళ్లు. ఉత్త జ్వరమైనా, నోట్లో పుళ్లు లేచినా ఆ వారం మాత్ర వేసుకునేముందు అడుగు. స్టెరాయిడ్ వేసుకుంటుంటే దాన్ని మాత్రం నీ అంతట నువ్వు ఆపకు.

ప్రభుత్వం 2020 మార్చి 25న ఈ ఫోన్ వైద్యానికి నిబంధనలు పెట్టింది. వాటి ప్రకారం ఎదురుగా చూపించుకున్న ఆరు నెలల లోపు, అదే డాక్టరుకి, అదే జబ్బుకి చూపించుకుంటేనే ఫాలో-అప్. ప్రయాణం బద్ధకమై రెండోసారి, మూడోసారి కూడా వీడియోతో సరిపెట్టకు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. అల్లుడిని ఇంట్లోనే ఉండమను, కణుపులు నొక్కడం అతనికే నేర్పాలి. ఆవకాయ తెస్తున్నా, మూత వదులుగానే బిగిస్తాలే.

మీ మేనత్త