క్యోటో దగ్గర ఏటి మీదే కూర్చుని తినే ఊరు కిబునే అంట కదా, వేసవిలో వెళ్లొచ్చా?

వెళ్తే వేసవిలోనే వెళ్లాలండీ, ఏటి మీద వేసే ఆ మంచెలు, కవాదోకో అంటారు, మే నుంచి సెప్టెంబర్ దాకే ఉంటాయి. క్యోటోలోని దెమాచియానగి స్టేషన్‌లో ఎయిజాన్ లైన్ రైలెక్కితే అరగంటలో కిబునేగుచి స్టేషన్, అక్కణ్ణుంచి 2 కిలోమీటర్లు, బస్సుంది గానీ చెట్ల నీడన నడకే హాయి. చాప మీద కూర్చుంటే కిందే నీళ్ల హోరు, చేతిలో ఉప్పు రాసి కాల్చిన అయు చేప, సిటీ ఉక్కపోతకి పోయిన ప్రాణం లేచొస్తుంది. రేట్లు మాత్రం గట్టిగానే ఉంటాయి, లంచ్ కాస్త నయం. ముందే బుక్ చేస్కోండి, వానకి ఏరు పొంగితే లోపల గదిలోనే భోజనం. పక్కనే కిఫునే గుడి, అక్కడ తెల్లకాయితం చీటీ నీళ్ల మీద పెడితే జాతకం అక్షరాలు మెల్లగా పైకొస్తాయి, పిల్లలుంటే అదే పెద్ద సరదా.