ట్రే తెరుచుకుంటున్నా కంప్యూటర్‌లో కనిపించని డీవీడీ డ్రైవ్

నమస్కారం. మీరు దేవరకొండ నుంచి అడిగిన ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ పాత డెస్క్‌టాప్‌కు నెల కిందట ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్కు స్థానంలో వాడే వేగమైన నిల్వ పరికరం) వేయించి, విండోస్ 7 స్థానంలో విండోస్ 10 ఎక్కించుకున్నారు. అప్పటి నుంచి డీవీడీ డ్రైవ్ మై కంప్యూటర్‌లో (విండోస్ 10లో దాని పేరు దిస్ పీసీ) కనిపించడం లేదు. మీట నొక్కితే ట్రే మాత్రం బయటకు వస్తోంది, ముందున్న చిన్న లైటు కూడా వెలుగుతోంది. దుకాణంలో అడిగితే డ్రైవ్ చెడిపోయిందని, కొత్తది కొనుక్కోవాలని చెప్పారు. మీ అక్కగారి పెళ్లి డీవీడీలు నాలుగింటిని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలన్నది మీ అవసరం.

దయచేసి ఇప్పుడే కొత్త డ్రైవ్ కొనకండి. నేను నల్లగొండలో పద్నాలుగేళ్లుగా చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. పెళ్లిళ్ల డీవీడీలను, హైదరాబాద్ ఆసుపత్రులు ఇచ్చే స్కానింగ్ సీడీలను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వమని వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, నా దగ్గర మూడు డ్రైవులు రోజూ పనిచేస్తూనే ఉంటాయి. ఆ మూడింటిలోనూ, నాకు తెలిసినవారి యంత్రాల్లోనూ "డ్రైవ్ కనిపించడం లేదు" అన్న ఫిర్యాదు చాలాసార్లు చూశాను. వాటిలో డ్రైవ్ నిజంగా చెడిపోయిన సందర్భాలు తక్కువ.

ఈ ఫిర్యాదు వచ్చినప్పుడు నేను ముందుగా తేల్చుకునేది, డ్రైవ్ ఎంతవరకు కనిపిస్తోంది, ఎక్కడి నుంచి కనిపించడం మానేసింది అన్న విషయం. కరెంటు అందుతున్నదా, మదర్‌బోర్డుకు (అన్ని భాగాలూ తగిలి ఉండే ప్రధాన పలకకు) తెలుస్తున్నదా, విండోస్‌కు తెలుస్తున్నదా, విండోస్ దానికి డి, ఇ వంటి ఒక అక్షరం ఇచ్చి మనకు చూపిస్తున్నదా అన్నవి నాలుగు వేర్వేరు మెట్లు. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో తెలియకుండా చేసే మరమ్మతు అంతా డబ్బు ఖర్చే.

మొదటి మెట్టు మీరు దాటేశారు. ట్రే తెరుచుకుంటోంది అంటే కరెంటు అందుతోంది. అయితే చాలామంది ఇక్కడే పొరబడతారు, ట్రే వస్తోంది కాబట్టి తీగలన్నీ సరిగానే ఉన్నాయని అనుకుంటారు. సాటా (డ్రైవులను మదర్‌బోర్డుకు తగిలించే పద్ధతి) డ్రైవ్‌కు వెనుక రెండు తీగలు ఉంటాయి. వెడల్పుగా, 15 కాళ్లతో ఉండేది కరెంటు తీగ. సన్నగా, 7 కాళ్లతో ఉండేది సమాచారం వెళ్లే తీగ. ట్రే తెరవడానికి, లైటు వెలగడానికి మొదటిది ఒక్కటే చాలు. రెండో తీగను పూర్తిగా పీకేసినా ట్రే యథాప్రకారం వస్తుంది, పోతుంది. కావాలంటే మీరే తీసి చూడవచ్చు.

మీ విషయంలో నాకు మొదటి అనుమానం ఆ సన్న తీగ మీదనే. ఇందుకు కారణం నా స్వానుభవం. కొన్నేళ్ల కిందట నా కేంద్రంలోని ఒక యంత్రానికి బయట దుకాణంలో ఎస్ఎస్‌డీ వేయించాను. తెచ్చిన రోజు పని వేగంగా సాగింది కానీ, వారం తర్వాత ఒక పెళ్లి డీవీడీ పెట్టబోతే డ్రైవ్ కనిపించలేదు. అప్పటికి నాకూ తెలియక, డ్రైవ్ పోయిందన్న మాట నమ్మి, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినప్పుడు కొత్తది తెచ్చి బిగించాను. అదీ కనిపించలేదు. అప్పుడు తీగలను ఒక్కొక్కటిగా పట్టుకుని చివరి వరకు చూస్తే, డీవీడీ డ్రైవ్‌కు ఉండవలసిన సన్న తీగ ఎస్ఎస్‌డీకి తగిలించి ఉంది. బిగించినవారి దగ్గర అదనంగా తీగ లేకపోయి ఉండవచ్చు, ఉన్నదానినే వాడి, చెప్పడం మరిచిపోయి ఉండవచ్చు. వంద రూపాయలకు అటూ ఇటూ ఉండే తీగ ఒకటి కొని తగిలించగానే పాత డ్రైవే కనిపించింది. దానితో ఆ తర్వాత ఎన్నో డీవీడీలు ఎక్కించాను.

కాబట్టి కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్చు కూడా ఆపి, ప్లగ్గు పీకి, పవర్ మీటను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. పక్క రేకు విప్పి, ముందుగా క్యాబినెట్ ఇనుమును చేత్తో ఒకసారి తాకి, ఆ తర్వాతే లోపల చేయి పెట్టండి. డీవీడీ డ్రైవ్ వెనుక సన్న తీగ ఉన్నదా, ఉంటే దాని రెండో కొస మదర్‌బోర్డు మీది రంధ్రంలో పూర్తిగా కూర్చున్నదా చూడండి. దాని మొన లోపల ఆంగ్ల ఎల్ అక్షరం ఆకారం ఉంటుంది కనుక తిరగేసి పెట్టడం కుదరదు, బలవంతం చేయవద్దు. తీగ ఉండి, బిగువుగానే ఉంటే, మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న మరో సాటా రంధ్రంలోకి మార్చి చూడండి. పల్చటి బిళ్లలా నేరుగా మదర్‌బోర్డుకే గుచ్చే ఎం.2 రకం ఎస్ఎస్‌డీ అయితే ఇంకొక సంగతి ఉంది. చాలా బోర్డుల్లో అది గుచ్చగానే ఒకటో రెండో సాటా రంధ్రాలు పనిచేయడం మానేస్తాయి. అది లోపం కాదు, ఆ బోర్డు కట్టుబాటు అంతే. ఏ రంధ్రం ఆగిపోతుందో బోర్డుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

రేకు విప్పినప్పుడు దుమ్మును కూడా గమనించండి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కార్యాలయంలోని కంప్యూటర్ చూసినప్పుడు, తవుడు దుమ్ము సాటా మొనల్లో పిండిలా పేరుకుని ఉంది. మెత్తని పొడి కుంచెతో తుడిచి, తీగను నాలుగైదుసార్లు తీసి పెడితే డ్రైవ్ కనిపించింది. మహబూబ్‌నగర్ వైపు తెలిసినవారి ఇంట్లో ఎలుక ఆ తీగను సగం కొరికింది. పైపైన చూస్తే ఏమీ తెలియలేదు, తీగను వంచి చూస్తే తెలిసింది. ఇవి చెప్పుకోవడానికి చిన్న విషయాలే అయినా, మన ప్రాంతపు ఇళ్లల్లో, మిల్లుల్లో అరుదేమీ కాదు.

ఇక రెండో మెట్టు. కంప్యూటర్ వేస్తున్నప్పుడే డిలీట్ మీటను గాని, ఎఫ్2 గాని వరుసగా నొక్కితే బయోస్ (విండోస్ కన్నా ముందే నడిచే, మదర్‌బోర్డు సొంత అమరికల) తెర వస్తుంది. ఏది నొక్కాలో మొదటి తెర అడుగున సాధారణంగా రాసి ఉంటుంది. అందులో సాటా అన్న శీర్షిక కింద ఏ రంధ్రానికి ఏది తగిలి ఉందో జాబితా కనిపిస్తుంది. డీవీడీ డ్రైవ్ పేరు అక్కడ ఉంటే తీగలు, డ్రైవ్ బాగానే ఉన్నాయి, తప్పు విండోస్‌లో ఉంది. పేరు లేకపోతే విండోస్‌ను ఎంత సవరించినా ప్రయోజనం ఉండదు; ఆ రంధ్రం డిసేబుల్ అని ఉన్నదేమో చూసి, ఉంటే ఎనేబుల్ చేయండి. మదర్‌బోర్డు మీది బిళ్ల ఆకారపు సీఆర్2032 బ్యాటరీ అరిగిపోయిన పాత బోర్డుల్లో ఈ అమరికలు కరెంటు పోయినప్పుడల్లా మారిపోతుంటాయి. గడియారం తప్పుగా చూపిస్తూ ఉంటే ముందు ఆ బిళ్ల మార్చండి. బయోస్ జాబితా మీకు సరిగా అర్థం కాకపోతే, ఉబుంటును (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్ డ్రైవ్‌లో పెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే కంప్యూటర్ వేయండి. అక్కడ డీవీడీ చదువుతున్నదంటే యంత్ర భాగాలు ఆరోగ్యంగా ఉన్నట్లు తేలిపోతుంది.

ఇక మూడో మెట్టు. బయోస్‌లో కనిపించి విండోస్‌లో కనిపించకపోతే, విండోస్‌లో యంత్ర భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరవండి. అందులో డీవీడీ, సీడీ రామ్ డ్రైవుల వరుస ఉండి, దాని మీద పసుపు పచ్చని గుర్తు ఉంటే, రెండుసార్లు నొక్కి లోపల కోడ్ సంఖ్య చదవండి. ముందుగా చేయవలసిన తేలిక పని, ఆ పేరు మీద కుడి మీట నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడం. డీవీడీ డ్రైవ్‌కు కావలసిన డ్రైవర్ (దానిని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) విండోస్ లోపలే ఉంటుంది, తిరిగి వేసినప్పుడు అదే ఎక్కించుకుంటుంది. ఇంటర్నెట్‌లో "డ్రైవర్ అప్‌డేటర్" పేరుతో దొరికేవాటిని దయచేసి ఎక్కించకండి. ఈ పనికి వాటి అవసరం ఎప్పుడూ లేదు, వాటితో వచ్చే చెత్తను తీసివేయడం మరో పని అవుతుంది.

కోడ్ 19 గాని, 31 గాని, 39 గాని ఉంటే మాత్రం కొంచెం శ్రద్ధగా చేయవలసిన పని ఉంది. సీడీలు రాసే సాఫ్ట్‌వేర్లు, లేని డ్రైవ్‌ను ఉన్నట్లు చూపించే సాఫ్ట్‌వేర్లు కొన్ని, విండోస్‌కూ డ్రైవ్‌కూ మధ్య తమ కాపలాదారును ఒకరిని కూర్చోబెడతాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసివేసినా, విండోస్ మారినా, ఆ కాపలాదారు పేరు రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలన్నీ రాసుకునే పట్టికలో) అలాగే మిగిలిపోవచ్చు. పేరుంది, మనిషి లేడు. విండోస్ ఆ పేరును పిలిచి, జవాబు రాక, డ్రైవ్‌నే పక్కన పెట్టేస్తుంది. 2020 జనవరి 14తో విండోస్ 7కు మద్దతు ఆగిపోయాక, ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి 10కి మారినవారి దగ్గర నేను ఇది చూశాను. మీకు విండోస్‌ను పూర్తిగా కొత్తగా ఎక్కించి ఉంటే ఇది జరిగే అవకాశం తక్కువ. పాత హార్డ్ డిస్కును యథాతథంగా ఎస్ఎస్‌డీలోకి కాపీ చేసి, ఆపై 10కి మార్చి ఉంటే జరగవచ్చు.

రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ వరకు వెళ్లండి. అక్కడ పొడవాటి సంఖ్యల పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి. మనకు కావలసినది 4డి36ఇ965 అని మొదలయ్యేది. దానిని ఎంచుకోగానే కుడివైపు క్లాస్ అన్న పేరు ఎదుట సీడీ రామ్ అని ఉండాలి. అలా లేకపోతే అక్కడే ఆగిపోండి. ఉంటే, ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్‌తో ఆ ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ మీద భద్రపరచుకోండి. ఆ తర్వాత కుడివైపు అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అన్న పేర్లు ఉంటే ఆ రెండింటిని మాత్రమే తీసివేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. ఒకటే ఉంటే ఒకటే తీయండి. రెండూ లేకపోతే ఈ కారణం కాదని అర్థం. సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆ తర్వాత పనిచేయకపోతే దానిని మళ్లీ ఎక్కించుకోవలసి వస్తుంది, అంతకు మించిన నష్టం లేదు.

ఎక్స్‌పోర్ట్ గురించి ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. ఆ వరుసలోనే రెండు గీతల అవతల 4డి36ఇ967 ఉంటుంది, అది హార్డ్ డిస్కులది. అందులోని అప్పర్ ఫిల్టర్స్ తీసివేస్తే విండోస్ లేవకుండా పోవచ్చు. ఇంకొంచెం కిందనున్న 4డి36ఇ96బి కీబోర్డుది. నా దగ్గర పనిచేసే అబ్బాయి ఒకసారి తొందరలో 96బిలోని పేరును తీసివేశాడు. కంప్యూటర్ తిరిగి లేచాక ఒక్క అక్షరం కూడా పడలేదు, పాస్‌వర్డ్ కొట్టడానికే దారి లేదు. మౌస్ పనిచేస్తున్నందువల్ల, లాగిన్ తెర మూలనున్న గుర్తు నొక్కి, తెర మీద కీబోర్డు తెప్పించుకుని లోపలికి వెళ్లాం. ముందే ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు డెస్క్‌టాప్ మీద ఉన్నందువల్ల, దాని మీద రెండుసార్లు నొక్కి రీస్టార్ట్ చేయగానే కీబోర్డు తిరిగి వచ్చింది. ఆ ఫైలు లేకపోయి ఉంటే ఆ రోజు పని మొత్తం ఆగిపోయేది.

నాలుగో మెట్టు చిన్నది. డివైస్ మేనేజర్‌లో ఏ గుర్తూ లేకుండా డ్రైవ్ కనిపించి, మై కంప్యూటర్‌లో మాత్రం లేకపోతే, విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి అడుగున సీడీ రామ్ 0 అన్న గీత వెతకండి. దాని మీద కుడి మీట నొక్కి ఒక అక్షరం కేటాయిస్తే సరిపోతుంది.

డ్రైవ్ కనిపిస్తూ, డీవీడీ పెడితే మాత్రం "డిస్క్ పెట్టండి" అంటూ ఉంటే అది వేరే జబ్బు. సీడీలను 780 నానోమీటర్ల కాంతితో, డీవీడీలను 650 నానోమీటర్ల కాంతితో చదువుతుంది కాబట్టి, ఒకటి చదివి మరొకటి చదవని డ్రైవులు ఉంటాయి. అప్పుడు అనుమానించవలసింది లేజర్‌ను, తీగను కాదు.

ఇన్ని చేసినా బయోస్‌లో పేరు రాకపోతే, మీ డ్రైవ్‌ను తెలిసినవారి కంప్యూటర్‌కు తగిలించి చూడండి. అక్కడా రాకపోతే అప్పుడు కొనండి. యూఎస్‌బీకి తగిలించే బయటి డ్రైవ్ కొంటే రేపు ల్యాప్‌టాప్‌కూ పనికివస్తుంది. దానిని ముందువైపు రంధ్రానికి కాక, వెనుక మదర్‌బోర్డు రంధ్రానికే తగిలించండి. యూఎస్‌బీ 2.0 ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. డిస్కు తిరగడం మొదలయ్యేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగే డ్రైవులు కొన్ని కనిపించి మాయమవుతుంటాయి.

డ్రైవ్ వచ్చాక, డీవీడీలను నేరుగా పెన్ డ్రైవ్‌లోకి పంపకుండా, ముందు ఒక్కొక్క డీవీడీకి ఒక ఫోల్డర్ చేసి, వీడియో టీఎస్ అన్న ఫోల్డర్‌ను మొత్తంగా హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. అన్ని డీవీడీల్లోనూ ఫైళ్ల పేర్లు ఒకటే ఉంటాయి, ఒకే ఫోల్డర్‌లో వేస్తే ఒకదాని మీద ఒకటి పడి మొదటివి పోతాయి. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ వరకు పడుతుంది కనుక నాలుగింటికి 20 జీబీ ఖాళీ చూసుకుంటే చాలు. గీతలున్నదాన్ని మెత్తని బట్టతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తుడవకండి.

ముందు రేకు విప్పి ఆ సన్న తీగ ఉన్నదో లేదో చూసి, బయోస్ జాబితాను ఫోన్‌తో ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. అందులో ఏముందో చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.